నలభైకి ఎన్ని

మా ఇంటామెకు వచ్చిన జబ్బును మొదట కనిపెట్టింది ఏ డాక్టరూ కాదు, నేను. అదీ చెవులతో. మా దిక్కున మరమగ్గాలను సాంచాలంటారు. నా షెడ్డులో నాలుగు సాంచాలు దడదడలాడుతుండగా, గోడ అవతల ఆమె కండెలు చుట్టే రాట్నం చప్పుడులో వెంట్రుకవాసి తేడా వచ్చిందని పసిగట్టాను. వెంటనే నాలుగింటినీ బంద్ చేసి, ఆమె ఎదురుగా కూర్చుని, "నీ చెయ్యి లయ తప్పింది. నడువు, కరీంనగర్ పోదాం" అన్నాను. డాక్టరు స్కానింగు చూసి నా దిక్కు తిరిగి, ఇంత తొందరగా ఎట్లా గుర్తుపట్టారని ఆశ్చర్యపోయాడు.

ఈ కథను చాయ హోటల్లో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, ఒకసారి చావింట్లో కూడా చెప్పాను. విన్నవాళ్లు నన్ను చూసే చూపు మారేది. ఒకాయనైతే తన మోకాళ్ల నొప్పి గురించి నన్నే సలహా అడిగాడు. ఇచ్చాను.

ముందు జబ్బు సంగతి చెప్పాలి. తల వెనక, మెడకు కొంచెం పైన చిన్న మెదడు అని ఒకటి ఉంటుందట, బత్తాయంత. అడుగు ఎక్కడ పడాలో, చెయ్యి ఎంతవరకు చాచాలో, నాలుక ఎటు తిరగాలో చూసుకునేది అదే. మా ఆమెకు అది కొద్దికొద్దిగా ఎండిపోతున్నది. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు, తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, పిల్లలకు పోయేది కాదు, ఎందుకొచ్చిందో చెప్పలేం అన్నాడు డాక్టరు. వెనక్కి తిప్పే మందు లేదు. కానీ ఎంత జోరు మీద పోతున్నదో తెలిస్తే ముందే కాచుకోవచ్చు. చేతికర్ర ఎప్పుడియ్యాలి, గోడలకు కడ్డీలు ఎప్పుడు బిగించాలి, తినే తిండి ఎప్పుడు మార్చాలి, ఇవన్నీ ఆ లెక్క మీదే ఉంటాయి. అందుకని ఆరు నెలలకోసారి కరీంనగర్ వచ్చి కొలిపించుకోవాలన్నాడు.

కొలిచేది ఫిజియోథెరపీ చదివిన ఒక ఆడపిల్ల. ఆదిలాబాద్ దిక్కు పిల్ల. మా ఆమెది ఆసిఫాబాద్ కాబట్టి వచ్చిన మొదటి రోజే ఇద్దరూ చుట్టాల్లా కలిసిపోయారు. ఆ పిల్ల మా ఆమెను నడిపిస్తుంది, పాదాలు దగ్గర పెట్టి నిలబెడుతుంది, ఆనుకోకుండా కూర్చోబెడుతుంది, మాట్లాడిస్తుంది. తన వేలును గాలిలో జరుపుతూ వెంట పట్టమంటుంది. ముక్కు ముట్టుకుని తన వేలు ముట్టుకోమంటుంది. అరచెయ్యి తొడ మీద తిరగామరగా కొట్టమంటుంది. చివరికి మంచం మీద పడుకోబెట్టి, మడమతో రెండో కాలిని మోకాలి నుంచి కిందికి రుద్దమంటుంది. ప్రతిదానికీ ఒక అంకె వేస్తుంది. అన్నీ కలిపితే నలభైకి లెక్క.

మొదటిసారి పదకొండు వచ్చింది.

నలభైకి పదకొండు. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపు నా మనసు మనసులో లేదు. నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. నూటికి ముప్పై ఐదు వస్తేనే పాసని నాకు తెలుసు. ఆ లెక్కన నలభైకి పద్నాలుగు రావాలి. మా ఆమె ఫెయిలైంది. ఈ మాట ఆమెకు చెప్పలేక, "మంచిగనే వచ్చినయ్, ఇంకా జర కష్టపడాలె" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "దేనికి?" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆరు నెలలకు మళ్లీ పోయాం. పదమూడున్నర. కుడిచెయ్యికి ఒకటి, ఎడమచెయ్యికి ఒకటి వేసి సగం తీస్తారు కాబట్టి అరలు కూడా వస్తాయి. నా ఆనందం అంతా ఇంతా కాదు. ఇంకో అర పడితే పాస్! ఆ పిల్ల దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, "బిడ్డా, మూలకు ఎక్కడన్న ఒక్క అర కలపరాదు? నీకు పుణ్యముంటది. పెద్దమనిషి, పాసైతే సంబురపడ్తది" అన్నాను.

ఆ పిల్ల కలం పక్కన పెట్టింది. తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"తాతా, సున్నా వస్తే ఏ రోగం లేనట్టు. నలభై వస్తే మంచాన వడ్డట్టు. ఎక్కువొస్తే మంచిది కాదు. అమ్మమ్మకు పోయినసారికంటే పెరిగింది."

మా ఆమె మంచం మీది నుంచే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు అప్పటికే ఒక కుదుపు వచ్చింది, గుంతల రోడ్డు మీద ఆటోలా. "గిదా నీ కష్టపడుడు?" అంది. ఆ పిల్లకూ నవ్వాగలేదు. నేనూ నవ్వాను. బయటికొచ్చి నీళ్ల పంపు దగ్గర మొహం కడుక్కున్నాను. కళ్లల్లో ఏదో పడ్డట్టుంది.

ఇక్కడ మొదట చెప్పిన కథను కొంచెం సవరించుకోవాలి. నాలుగు సాంచాలు ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. నలభై ఏళ్లు వాటి మధ్య నిలబడ్డ నా చెవులకు ఇప్పుడు గడియారం టిక్కుటిక్కు కూడా తెలియదు. రాట్నం చప్పుడులో తేడా విన్నానన్నది పూర్తిగా నా అల్లిక. జరిగిందేమిటంటే, ఆమే చెప్పింది. కండె మీద నూలు సరిగ్గా కూర్చోవడం లేదని చెప్పింది, గుమ్మం దాటుతుంటే నేల కదిలినట్టుంటున్నదని చెప్పింది. నేను చెప్పులు బాగా లేవన్నాను. కొత్త చెప్పులు కొన్నాను. తర్వాత అద్దాలు మార్పించాను. ఒక పెళ్లిలో ఆమె తూలుతుంటే ఎవరో, "పెద్దమ్మ ఇయ్యాల కల్లు జర ఎక్కువనే తీసుకున్నది" అన్నారు. ఆమె ఆగి, "నీ అయ్య వోసిండు, తాగిన" అని బదులిచ్చి, ఆ మరునాడు పొద్దున్నే చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. "కరీంనగర్ పోతున్న. వస్తవా, ఉంటవా?" అంది. పోయాను. డాక్టరు నన్ను చూసి ఆశ్చర్యపోయిన మాట మాత్రం నిజం. ఇంతకాలం ఏం చేస్తున్నారని అడిగాడు.

సరే. ఎక్కువొస్తే చెడ్డదని తెలిసింది కదా. ఇక తగ్గించే పనిలో పడ్డాను.

బట్ట నేసేవాళ్లకు ఒక విద్య తెలుసు. నేసిన బట్ట తానును కొలిచేటప్పుడు రెండు చేతులా పట్టుకుని చూసీచూడనట్టు కొంచెం గుంజితే, కొలత కలిసొస్తుంది. అందరూ గుంజేవాళ్లే, కొనేవాడికీ తెలుసు. ఆ చేతులే నావి. షెడ్డులో రెండు సాంచాలు తీసేసిన చోట బండల మధ్య సిమెంటు గీత పొడుగ్గా ఉంటుంది. రోజూ పొద్దున ఆ గీత మీద మడమకు కాలివేలు తగిలేట్టు ఆమెను నడిపించాను. ముక్కు, వేలు, ముక్కు, వేలు. అరచెయ్యి తిరగా మరగా. పరీక్షలో వచ్చేవి ఎనిమిదే ప్రశ్నలు, అవే మళ్లీ మళ్లీ వస్తాయి, ప్రశ్నపత్రం చేతిలో ఉంది. ఇంతకంటే సులువైన పరీక్ష నా జన్మలో చూడలేదు.

"గీ వయసుల నాకు ట్యూషనా?" అనేది ఆమె.

"గీత మీద చూడు, నా దిక్కు చూడకు."

"నీ దిక్కు చూస్తేనే తల తిరుగుతున్నది."

అంటూనే నడిచేది. ఇట్లా రోజూ పొద్దున ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడటం పెళ్లయిన కొత్తల్లో కూడా మాకు కుదరలేదు. అప్పుడు సాంచాలు వదిలేవి కావు. ఆ గీత మీద ఆమె పాదాలను చూస్తూ నేను వెనక్కి నడిచేవాణ్ణి. ఆమె వేళ్లు నా వేళ్లలో ఉండేవి. నూలు పోగులు ముడేసి ముడేసి గట్టిపడ్డ వేళ్లు. అవి ఎప్పుడు వణుకుతాయో, ఎప్పుడు ఊరుకుంటాయో నాకు తెలిసిపోయేది.

ఒక్క మాట విషయంలోనే నాకు భయం. నడకను గీత మీద పెట్టొచ్చు. మాటను ఎక్కడ పెట్టాలి? ఆమె మాట అప్పటికే సాగుతున్నది. ఒక అక్షరం గట్టిగా, ఒక అక్షరం మెల్లగా, కొన్ని మాటలు సగంలో తెగి. పైగా నీళ్లు తాగితే దగ్గు. గుక్క తీసుకోవడం, దగ్గడం, కళ్లనీళ్లు. నేను వీపు తట్టేవాణ్ణి. ఈ రెండూ ఒకే గొంతు సంగతని నాకు తెలియకపోలేదు. కానీ మాట అంకె పెరిగితే అది వెనక్కి రాదని నాకో నమ్మకం పడిపోయింది. నడక పోతే మోస్తాను. మాట పోతే నన్నెవరు తిడతారు?

అందుకని మాట్లాడే పని నేను తీసుకున్నాను. శ్రీరాంపూర్‌లో ఉన్న మా బిడ్డ ఫోన్ చేసి, "బాపూ, అవ్వకియ్యి" అని తల్లిని అడిగితే, "ఇప్పుడే పండుకున్నది బిడ్డా" అనేవాణ్ణి. ఆమె పక్కనే కూర్చుని వంకాయల్లో పుచ్చులు చూస్తుండేది. ఫోన్ పెట్టేశాక నా దిక్కు చూసేది. ఆసుపత్రిలోనూ అంతే. ఆ పిల్ల "ఎట్లున్నవ్ అమ్మమ్మా?" అంటే నేను, "మంచిగున్నది బిడ్డా, అన్నం మంచిగ తింటున్నది" అని అందుకునేవాణ్ణి. మా ఆమె "ఊ" అనేది. ఆ "ఊ"కు ఆ పిల్ల ఒకటి మాత్రమే వేసింది, బాగానే ఉన్నట్టు.

మూడోసారి పన్నెండు వచ్చింది. పదమూడున్నర నుంచి పన్నెండుకు!

డాక్టరు కూడా కాగితం చూసి, "మంచిగా నిలబడింది, చేతికర్ర ఇప్పుడే అవసరం లేదు, చూద్దాం" అన్నాడు. నేను గాలిలో తేలుతూ బయటికొచ్చాను. బస్టాండులో మా బస్సు దూరంగా ఆగింది. నేను ముందు ఉరికి సీటు మీద తువాల వేశాను, గెలిచినవాడిలా కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆమె వస్తున్నది. అక్కడ సిమెంటు గీత లేదు. అరటితొక్కలు, గుంతలు, మనుషులు, సంచులు. ఎవరూ తగలలేదు, ఏదీ అడ్డు రాలేదు. నడుస్తున్న మనిషి నడుస్తున్నట్టే పక్కకు ఒరిగి పడిపోయింది.

మోకాలు చెక్కుకుపోయింది. మోచెయ్యి వాచింది. ఎవరో నీళ్ల సీసా ఇస్తే ఒక గుక్క తాగి, పొలమారి, పడ్డదానికంటే ఎక్కువసేపు దగ్గింది. నేను పక్కన గొంతుక్కూర్చుని అదే పనిగా మాట్లాడుతున్నాను. ఎట్ల వడ్డవు, చూసుకోవద్దా, గీతమీద మంచిగనే నడుస్తవు గదా.

"గప్ బస్" అంది ఆమె. వాళ్ల ఆసిఫాబాద్ దిక్కు మరాఠీ మాట. నోరు మూసుకుని కూర్చోమని. కాపురానికొచ్చిన వారం నుంచి వింటున్నాను. కోపంలో ఆ ఒక్క మాట మాత్రం ఆమె నోటి నుంచి ఇప్పటికీ తడబడకుండా వస్తుంది. దాని వెనక వచ్చిన మాటలకు చాలాసేపు పట్టింది. "నీ మార్కులే... నన్ను... వడగొట్టినయ్. నాకు కర్ర గావాలె. మార్కులు గాదు."

బస్సు పోయింది, సీటు మీద నా తువాలతో సహా.

ఆ తర్వాతి ఆరు నెలలు గీత మీద నడిపించలేదు. మానేద్దామన్నాను. నడుద్దాం గానీ మార్కుల కోసం వద్దని ఆమె అంది. కాబట్టి మామూలుగా షెడ్డు అంతా తిరిగాం, మూలలకు, గుమ్మాలకు, నేను కొనుక్కొచ్చిన కర్రతో. నీళ్ల దగ్గు మాత్రం పెరుగుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం మజ్జిగ తాగుతూ ఊపిరాడక ఆమె మొహం నల్లబడింది. వీపు తట్టాను, తట్టాను, తట్టాను. కొన్ని క్షణాలు అక్కడ ఏమైనా కావచ్చు అనిపించింది. ఊపిరి వచ్చాక ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "గీసారి," అంది ఆమె, "నేనే చెప్త."

నాలుగోసారి పోయినప్పుడు, కూర్చోకముందే ఆ పిల్లకు అంతా చెప్పేశాను. గీత సంగతి, ట్యూషను సంగతి, బట్ట గుంజే సంగతి. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "తాతా, గుంజిన బట్ట నీళ్లల వేస్తే ఏమైతది?" అంది.

"ముడుచుకుంటది."

"మరి?"

జవాబు నాకు తెలుసు. గుంజి కొలిచిన బట్టతో కుట్టిన చొక్కా ఒక్క ఉతుకుకే పొట్టిదవుతుంది, వేసుకున్నవాడికే ఇబ్బంది.

నడక, నిలబడటం, కూర్చోవడం అయ్యాయి. అంకెలు పెరిగాయి, పెరగవలసినంత. అప్పుడు ఆ పిల్ల కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇప్పుడు అమ్మమ్మే మాట్లాడాలె. తాత ఒక్క మాట మాట్లాడొద్దు. అమ్మమ్మా, మీ పెండ్లి ఎట్లయిందో చెప్పు" అంది.

నేను చేతులు కట్టుకుని, పెదవులు బిగించి, ఒక మూలన బుద్ధిగా కూర్చున్నాను. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఎప్పుడూ లేను.

ఆమె చెప్పింది. ఆమె మాటల మధ్య ఖాళీలు నేనిక్కడ రాయడం లేదు, అవి ఆమెవి. కొన్ని మాటలకు ఆ పిల్ల, "మళ్లొకసారి అను అమ్మమ్మా" అంది. ఆమె అలిసిపోకుండా మళ్లీ అంది.

"పెండ్లికి కారుల వస్తున్నమని చెప్పి పంపిండ్లు. మా ఊళ్లె అప్పటికి కారు వచ్చింది లేదు. పొల్లలందరు రోడ్డు మీద నిలవడ్డరు. కారు రాలే. తొవ్వల ఖరాబైందట. బొగ్గు లారీ వచ్చింది. దాని మీదికెల్లి దిగిండు. తెల్ల ధోతి, తెల్లంగి, అన్ని నల్లగ. పీటల మీద కూసుంటే కండ్లు, పండ్లు తప్ప ఏం కానరాలే. మా అవ్వ ఏడ్చింది. పిల్లగాడు తెల్లగుంటడన్నరు గదా అని."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మరి నువ్వు?"

"నేను పండ్లు చూసిన. నవ్వుతుండె. సిగ్గు లేక. గట్లున్నా నవ్వుతుండు గదా, బతకొచ్చు అనుకున్న."

ఇన్నేళ్లలో ఈ చివరి మాట నాకు చెప్పలేదు. నేను అడిగిందీ లేదు, ఎందుకంటే ఆ పెళ్లి కథ ఎప్పుడూ నేనే చెప్పేవాణ్ణి, అందులో కారు ఎప్పుడూ పాడవలేదు.

మాటకు ఆ పిల్ల మూడు వేసింది. పోయినసారి ఒకటి. తర్వాత తల ఎత్తకుండానే, "నీళ్లు తాగితే దగ్గొస్తదా?" అంది.

"అప్పుడప్పుడు" అన్నాను నేను. అలవాటు.

"రోజు" అంది మా ఆమె. "మొన్న మజ్జిగకు సచ్చుడే అయింది."

కలం ఆగింది. మొత్తం పద్దెనిమిది వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు అంకెలు ఎవరూ కలపలేదు. ఆ పిల్ల లేచి ఇంకొకామెను, మింగడం చూసే ఆమెను పిలుచుకొచ్చింది. చెంచాతో నీళ్లు పోసి, గొంతు మీద వేళ్లు పెట్టి, గొంతుకు చెవిపెట్టి విన్నారు. ఇంకొన్నాళ్లు ఇట్లాగే నడిస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసేదన్నారు. ఆ రోజే అన్నీ నేర్పారు. గదవ, అంటే గడ్డం, ఛాతీకి ఆనించి మింగాలి. పల్చటి నీళ్లు వద్దు, చిక్కగా కలిపి ఇవ్వాలి, జొన్న గటక లాంటిదైతే మేలు. నిటారుగా కూర్చుని తినాలి. తినేటప్పుడు మాట్లాడకూడదు, పక్కన ఎవరూ మాట్లాడించకూడదు. ఈ ఆఖరి నియమం ఆమెకని పెట్టారు గానీ శిక్ష నాకు పడింది. ఇప్పుడు మా ఇంట్లో అన్నం తినేటప్పుడు చెంచా చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆమె గదవ వంచి మింగుతుంది, నేను ఆమె గొంతు చూస్తూ నా అన్నం చల్లార్చుకుంటాను. ముద్ద దిగాక కనుబొమలు ఎగరేస్తుంది, అయిందని. మజ్జిగ చిక్కగా చేసి ఇస్తే తాగుతున్నది. దగ్గు ఎప్పుడో గానీ రావడం లేదు.

మా బిడ్డ ఫోన్ చేస్తే ఇప్పుడు స్పీకరు పెట్టి ఫోన్ ఆమెకే ఇస్తాను. తల్లీబిడ్డలు చాలాసేపు మాట్లాడుకుంటారు. అవతల బిడ్డ "మళ్లా చెప్పవ్వా" అనడం వినపడుతూనే ఉంటుంది. వచ్చే కొలతకు ఎంత వస్తుందో తెలియదు. తగ్గదని తెలుసు.

ఇదంతా రాసి, నిన్న ఆమెకు చదివి వినిపించాను. గీత దగ్గర నవ్వింది. బస్టాండు దగ్గర మోకాలు తడుముకుంది. మాట పరీక్ష దగ్గర, నేను చేతులు కట్టుకుని బుద్ధిగా మూలన కూర్చున్నానన్న చోట, చెయ్యి ఎత్తి ఆపింది. ఊపిరి తీసుకుంది. ఎంతసేపు పట్టినా నేను మధ్యలో అందుకోలేదు.

"నువ్వు లోపల లేవు. రెండు మాటలు అననియ్యలే నన్ను. గా పిల్ల రెక్క వట్టి నిన్ను బయటికి తోలి తలుపు వెట్టింది. తలుపవతల నిలవడి 'కారే వచ్చింది, కారే వచ్చింది' అని దవఖాన అంత ఒర్రినవ్. నీళ్ల మాటకు మళ్ల పిలిచిండ్లు. పెండ్లి ముచ్చట నేనేం చెప్పిన్నో గా పిల్ల చెప్తెనే నీకెరుక. గది రాయి."